మిట్ట మీద వెనుకబడితే చేతకానట్టా?

రోజూ సైకిలు మీద బడికి వచ్చే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఉన్నట్టుండి నడిచి రావడం మొదలుపెట్టాడు. "సైకిలు ఏమైందిరా?" అని అడిగితే తల వంచుకున్నాడు. కాస్త లావు పిల్లవాడు. ఊరి బయట మిట్ట ఎక్కేటప్పుడు వెనుకబడతాడట. "లారీ వస్తోంది, పక్కకు జరగండి" అని తోటివాళ్ళు నవ్వుతారట. "నాకు చేతకాదు సార్" అన్నాడు.

నిజంగా చేతకాకనేనా? లెక్క వేసి చూద్దాం.

మిట్ట ఎత్తు 30 మీటర్లు, సైకిలు బరువు 20 కిలోలు అనుకోండి. పైకెక్కడానికి చేసే పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. 45 కిలోల పిల్లవాడు సైకిలుతో కలిపి 65 కిలోలు. అతడు చేసే పని 65 × 9.8 × 30 = 19,110 జౌళ్ళు. 70 కిలోల పిల్లవాడు సైకిలుతో కలిపి 90 కిలోలు. అతడి పని 26,460 జౌళ్ళు. అంటే 38 శాతం ఎక్కువ! ఇద్దరి కాళ్ళ సామర్థ్యం సమానమే అయినా, మొదటివాడు 4 నిమిషాల్లో ఎక్కితే రెండోవాడికి ఐదున్నర నిమిషాలు పడుతుంది. వెనుకబడినవాడు సోమరి కాడు, ఎక్కువ పని చేసినవాడు.

చదును రోడ్డు మీద ఇంత తేడా ఉండదు. అక్కడ అసలు ప్రత్యర్థి గాలి. మన అనంతపురం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలి సంగతి మీకు తెలిసిందే. 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే! ఒంటికి తగిలే గాలి వేగం రెండింతలైతే దాని నిరోధం నాలుగింతలవుతుంది. ఎదురుగాలిలో బక్కవాడూ రొప్పుతాడు, లావువాడూ రొప్పుతాడు.

మరి మన శ్రమను దేనితో కొలవాలి? స్వీడన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ మనుషులను ప్రయోగశాలలో కదలని సైకిలు తొక్కించి, "ఎంత కష్టంగా ఉంది?" అని అడిగాడు. జవాబుకు 6 నుంచి 20 వరకు అంకెలున్న కొలబద్ద తయారుచేసి, 1970లో దాన్ని వివరించాడు. 6 అంటే శ్రమే లేదు. 13 అంటే కొంచెం కష్టం. 20 అంటే ఇక చేతకాదు. చెప్పిన అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యవంతులైన యువకుల గుండె వేగం సుమారుగా వస్తుంది! మనసుకు తోచే కష్టం వట్టి భ్రమ కాదన్నమాట.

అందుచేత ముందు వెళ్ళేవాణ్ణి చూసి తొక్కకండి. మాట్లాడుతూ తొక్కగలిగే వేగం చాలు. మొదటి రోజే 19, 20 దాకా వెళ్ళినవాడికి రెండో రోజు సైకిలు ముట్టుకోబుద్ధి కాదు.

కొన్ని వారాలు తొక్కితే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కండరాల కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియా పెరుగుతాయి. బరువు మాత్రం అంత త్వరగా తగ్గకపోవచ్చు. చాలామంది కాటా ముల్లు కదలలేదని నిరాశపడి మానేసేది ఇక్కడే. లోపల జరిగే మార్పు కాటాకు కనిపించదు, నాడికి తెలుస్తుంది.

మీరే ప్రయోగం చేయండి. వారానికొకసారి, ఉదయం పూట, ఒకే మిట్టను ఒకే వేగంతో ఎక్కండి. దిగగానే 15 సెకన్లు నాడి లెక్కించి నాలుగుతో హెచ్చించి నోటుబుక్కులో రాయండి. ముందుగా టైర్లకు గాలి కొట్టించి, చైనుకు నూనె వేయండి. సీటు మరీ కిందికుంటే మోకాళ్ళు నొస్తాయి, సరిచేయించుకోండి. నీళ్ళు వెంట ఉంచుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం వద్దు. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి పెద్దలకు చెప్పండి.

ఆ అబ్బాయి ఇలాగే రాశాడు. మొదటి వారం 172, ఎనిమిదో వారం 156. మిట్ట మీద ఇప్పటికీ అందరికంటే వెనుకే వస్తాడు. కానీ సైకిలు మీదే వస్తున్నాడు.