చేతిలో గరిటె... ఎదురుగా మైకు!

సినిమా తారలు సోఫాలో కూర్చుని కబుర్లు చెబుతుంటే చూడని వారెవరండీ? నేనూ చూస్తాను. నోరు తెరుచుకుని మరీ చూస్తాను! హిందీలో కరణ్ జోహార్ 2004లో కాఫీ కప్పు చేతికిచ్చి తారల్ని మాట్లాడించడం మొదలెట్టాడు. మన బాలకృష్ణ 2021లో ‘అన్‌స్టాపబుల్’ అంటూ ‘ఆహా’లో హడావుడి చేశారు. అంతకు చాలా ముందే, 1972లో, బాలనటిగా పేరు తెచ్చుకున్న తబస్సుమ్ దూరదర్శన్‌లో ‘ఫూల్ ఖిలే హైఁ గుల్షన్ గుల్షన్’ ప్రారంభించి 1993 దాకా, అంటే ఇరవయ్యొక్క ఏళ్లు, నవ్వుతూ నడిపింది. మన దేశపు తొలి టీవీ టాక్ షోగా దానికి పేరుంది.

మరి మా వూళ్లో తారలు లేరే! కర్నూలు జిల్లాలో ఓ మోస్తరు టౌను మాది. పగలంతా నేను ఫ్లెక్సీ షాపులో హీరోల పుట్టినరోజు బ్యానర్లు ప్రింటు చేస్తుంటాను. ఆదివారం సాయంత్రం మాత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో టాక్ షో నడుపుతాను. యాభై, అరవై మంది వస్తారు. లోకల్ కేబుల్ కుర్రాడు రెండు కెమెరాలు పెట్టి తీసి, బుధవారం రాత్రి వేస్తాడు. అతిథులు మా వూరివాళ్లే – టైలరు, పాలాయన, బస్టాండులో అనౌన్సుమెంటు చెప్పే ఆయన, టిఫిను బండి అక్క. సోఫా లేదు. దాని స్థానంలో గ్యాసు స్టవ్వు! అతిథి, నేనూ కలిసి ఏదో ఒకటి వండుతూ మాట్లాడుకుంటాం. అదీ మా కార్యక్రమం.

“మాట్లాడ్డానికి వంటెందుకయ్యా?” అని మీరడగొచ్చు. చెబుతాను.

చేతులకి పనుంటే...

కెమెరా ముందు కుర్చీలో కూర్చోబెట్టి “మీ జీవితానుభవాలు చెప్పండి” అన్నారనుకోండి. రోజూ బజార్లో గంటలు గంటలు మాట్లాడే మనిషికి కూడా గొంతు పట్టేస్తుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. అదే మనిషి చేతికి రెండు ఉల్లిగడ్డలు, ఓ కత్తి ఇచ్చి చూడండి! కళ్లు ఉల్లిగడ్డ మీద వుంటాయి. కెమెరా వుందన్న సంగతి మూడో నిమిషానికి మర్చిపోతారు. మాట దానంతటదే వస్తుంది.

ఇది నేను కనిపెట్టిన కిటుకేం కాదు లెండి. 1962లో అమెరికాలోని బోస్టన్‌లో ఓ విద్యా టెలివిజన్ స్టేషన్‌లో పుస్తకాల గురించి మాట్లాడుకునే కార్యక్రమం వుండేది. దానికి జూలియా చైల్డ్ అనే ఆవిడ అతిథిగా వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఫ్రెంచి వంటల మీద ఆవిడా, మరో ఇద్దరూ కలిసి రాసిన లావుపాటి పుస్తకం వచ్చింది. ఆవిడ ఊరికే కూర్చుని పుస్తకం గురించి చెప్పలేదు. ఓ కరెంటు పొయ్యి, పెనం, కోడిగుడ్లు వెంట తెచ్చుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమ్లెట్ వేసేసింది! “ఆవిణ్ణి మళ్లీ చూపించండి” అంటూ ప్రేక్షకుల నుంచి ఉత్తరాలొచ్చాయి. ఫలితం – 1963 ఫిబ్రవరి 11న ‘ది ఫ్రెంచ్ షెఫ్’ అనే సొంత కార్యక్రమం. ఆవిడ పాత్రనే 2009లో ‘జూలీ అండ్ జూలియా’ సినిమాలో మెరిల్ స్ట్రీప్ వేసి ఆస్కార్ నామినేషన్ కొట్టేసింది. ఒక్క ఆమ్లెట్ ఎంత దూరం తీసుకుపోయిందో చూశారా!

అయితే వంట చిన్నదై వుండాలి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు గారి ముందు పరిచిన విందు గుర్తుందా? అది సినిమాకి అందం. టాక్ షోలో అలాంటి విందు పెడితే జనం విందునే చూస్తారు, మాట వినరు. అందుకని నా లెక్క ఇరవై నిమిషాలు. పది సామాన్ల లోపు, ఒకే బాణలి. కుక్కరు పనికిరాదు – అతిథి కన్నీళ్లు పెట్టుకునే సమయానికే విజిల్ వేస్తుంది! మిక్సీ అసలే వద్దు. పొడి కొట్టాల్సింది వుంటే ఇంట్లోనే కొట్టి సీసాలో తెచ్చుకోవాలి. సీలింగు ఫ్యాను కూడా ఆపేస్తాం. దాని రొద చెవికి తెలీదు గానీ మైకుకి తెలుస్తుంది.

మా హీరో – ఉగ్గాణి

మా కర్నూలు, అనంతపురం వైపు, అటు బళ్లారిలో, పొద్దున్నే టిఫిను అంటే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. మా మొదటి షోలో చేసింది అదే. కోస్తా, తెలంగాణ పాఠకుల కోసం చెబుతున్నాను, రాసుకోండి.

నలుగురికి ఎనిమిది కప్పుల బొరుగులు (మీరు మరమరాలంటారు). నీళ్లలో రెండు మూడు నిమిషాలు నానేసి, గట్టిగా పిండి పక్కన పెట్టుకోండి. బాణలిలో మూడు చెంచాల నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, సెనగపప్పు, మినప్పప్పు, కరివేపాకు వేయండి. రెండు ఉల్లిగడ్డలు, ఐదారు పచ్చిమిరపకాయలు తరిగి వేయించండి. అర చెంచా పసుపు, తగినంత ఉప్పు. ఆ పైన పిండిన బొరుగులు వేసి సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలు కలపండి. స్టవ్వు ఆపేసి, వేయించిన పప్పుల పొడి (అదేనండీ, పుట్నాల పొడి) నాలుగు చెంచాలు చల్లి, అర చెక్క నిమ్మరసం పిండి, కొత్తిమీర వేయండి. అయిపోయింది!

ఇప్పుడు షో నడిపేవారికి అసలు రహస్యం. తాలింపు వేసేటప్పుడు ప్రశ్న అడగకూడదు. ఆవాలు చిటపటలాడుతుంటే జవాబు ఎవరికీ వినపడదు. ఉల్లిగడ్డలు కోసేటప్పుడు తేలిక ప్రశ్నలు – “మొదటి జీతమెంత? తీసుకెళ్లి ఎవరి చేతికిచ్చారు?” లాంటివి. బొరుగులు పిండేటప్పుడు మాత్రం నేను నోరు మూసుకుంటాను. ఆ పని చేతులకి ఎంత అలవాటంటే, మనసు ఎక్కడికో వెళ్లిపోతుంది. వాళ్లు దాచుకున్న మాట సరిగ్గా అప్పుడే బయటికొస్తుంది.

అన్నట్టు, హాల్లో యాభై మందికి స్టేజి మీద చేసిన నాలుగు ప్లేట్లు ఏ మూలకి? వెనక గదిలో పెద్ద గిన్నెలో ముందే చేసి వుంచుతాం. తలా పది రూపాయలు డబ్బాలో వేస్తారు. ఖర్చు వెళ్లిపోతుంది.

చుక్కను చూసినాయన

ఓ ఆదివారం మా వూరి పాత సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేసి రిటైరైన పెద్దాయన వచ్చారు. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు అయింది. బాల్కనీ వుండే చోట బఫే టేబుళ్లు పెడుతున్నారు. ఆయన మనవడు కూడా ముందు వరసలోనే కూర్చున్నాడు. వాడికి తాత సినిమా హాల్లో పనిచేశాడని తెలుసు గానీ, ఏం పని చేశాడో తెలీదు.

ఉల్లిగడ్డ తరుగుతూ ఆయన పాత ప్రొజెక్టరు సంగతి చెప్పారు. 35 ఎం.ఎం. రీలు వెయ్యి అడుగులు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రెండు రీళ్లు అతికించి ఆడించినా, ఇరవై నిమిషాలు దాటితే రెండో ప్రొజెక్టరుకి మార్చాలి. లోపల వెలుగు కార్బన్ కడ్డీలది. అవి మండుతూ అరిగిపోతుంటే, మధ్య ఎడం సరిచేస్తూ వుండాలి. లేకపోతే తెర మసకబారుతుంది, కింద నుంచి ఈలలు, తిట్లు!

“ఇన్ని వందల సినిమాలు ఆడించారు కదా, మీకు బాగా నచ్చిన సీను ఏది?” అన్నాను. ఆయన నవ్వారు.

“సీను యాడ చూసినాను నాయనా! నేను చూసింది చుక్కను.”

హాలంతా నిశ్శబ్దం. ఆయనే విడమరిచి చెప్పారు. రీలు అయిపోయే ముందు తెర మీద కుడివైపు పై మూలన చిన్న చుక్క ఒకటి క్షణంలో వచ్చి పోతుంది. అది కనబడగానే రెండో ప్రొజెక్టరు మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క. అప్పుడు వెలుగు దీన్నుంచి దానికి మార్చాలి. హీరోయిన్ ఏడుస్తున్నా, హీరో పాడుతున్నా ఆయన కన్ను ఆ మూలనే! ఒక్క చుక్క తప్పితే తెర తెల్లబోతుంది. ఇంటి నుంచి వచ్చిన క్యారియరు కూడా రెండు చుక్కల మధ్యే తినేవారట. వెయ్యి మంది ఏకకాలంలో నవ్వడం మాత్రం గోడ రంధ్రంలోంచి బాగా వినపడేదట. “ఆ నవ్వు కోసమే చేసినాను” అన్నారు.

డిజిటల్ వచ్చింది. చుక్కా పోయింది, రీలూ పోయింది. షో అయ్యాక ఆ మనవడు తాత దగ్గరికొచ్చి “ఏ మూల తాతా?” అని అడిగాడు. పెద్దాయన హాలు గోడ మీద వేలితో చూపించారు. ఆ సాయంత్రం ఉగ్గాణిలో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఎవ్వరూ ఏమీ అనలేదు!

ప్రోమో గొడవ

ఇక చేదు సంగతి. టిఫిను బండి నడిపే ఓ అక్క అతిథిగా వచ్చింది. ఉగ్గాణిలో ఆవిడ మాకందరికీ గురువు. బొరుగులు పిండుతూ పిండుతూ, తన పెద్దకొడుకు గురించి నాలుగు మాటలు అన్నది. అడక్కుండానే అన్నది. ఏమన్నదో ఇక్కడా రాయను. హాల్లో ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే ఆవిడ మెట్ల మీద కూర్చుని వుంది. “ఆ ముక్క తీసెయ్ నాయనా. కోడలి ముందర వాడు తల ఎత్తుకోలేడు” అంది. కేబుల్ కుర్రాడేమో, “అన్నా, అదే ప్రోమో! ఆ నాలుగు నిమిషాలు ఫోన్లో పెడితే మన వూరి పేరు ఎక్కడికో పోతుంది” అని పట్టుబట్టాడు. వాడిదీ అబద్ధం కాదు. ఈనాటి సినిమా ఇంటర్వ్యూల సంగతి మీకు తెలీనిదా? గంటసేపు పద్ధతిగా మాట్లాడిన నటి కళ్లలో ఒక్క నీటిబొట్టు కనిపిస్తే చాలు. దాన్నే పెద్దది చేసి, ఎర్ర బాణం గుర్తు పెట్టి, “ఏడ్చేసిన ఫలానా!” అని తగిలిస్తారు. మనమూ నొక్కుతాం. నేనూ నొక్కినవాణ్ణే.

కానీ అలాంటి షో నడిపేవాణ్ణి ఇంగ్లీషులో హోస్ట్ అంటారు. ఇంటికొచ్చిన వాళ్లకి అన్నం పెట్టేవాణ్ణీ హోస్ట్ అనే అంటారు. మన పెద్దవాళ్లు విస్తరి వేశాక అతిథి మనసు నొప్పించకూడదంటారు. మా షోలో ఆ రెండు పనులూ చేసేది ఒక్కడే. ఆవిడ చేత్తో కలిపిన ఉగ్గాణి తిని, ఆవిడ దుఃఖాన్ని అమ్ముకోమంటే ఎలా? తీసేశాం. ఆ వారం కార్యక్రమం నాలుగు నిమిషాలు తక్కువొచ్చింది. కేబుల్ కుర్రాడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాం – అతిథి ముందు చూసి, సరేనన్నాకే బుధవారం వేస్తాం.

మచ్‌నూరు అక్కలు

“మామూలు జనం మాటలు ఎవరు వింటారండీ?” అనేవాళ్లకి మచ్‌నూరు సంగతి చెబుతుంటాను. జహీరాబాద్ దగ్గర చిన్న పల్లె అది. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 2008 అక్టోబరు 15న అక్కడ ‘సంఘం రేడియో’ మొదలైంది. 90.4 ఎఫ్.ఎం. దాన్ని నడిపింది సినిమావాళ్లు కాదు, పట్నం యాంకర్లూ కాదు – దళిత మహిళలు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండుగలు, పాటలు, అన్నీ తమ యాసలోనే మాట్లాడారు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకి కూడా కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చేలా నిబంధనలు మార్చింది. ఆ తలుపు తెరుచుకోగానే లోపలికి నడిచిన మొదటివాళ్లలో మచ్‌నూరు అక్కలున్నారు. జొన్నరొట్టె గురించి మాట్లాడాలంటే రొట్టె చేసేవాళ్లని మించినవాళ్లెవరు?

మీరూ మొదలెట్టండి

కాబట్టి మిత్రులారా, లైసెన్సు అక్కర్లేదు, స్టూడియో అక్కర్లేదు. మీ వీధిలో ఒక అరుగు, ఒక స్టవ్వు, ఒక ఫోను చాలు. మొదట గోడలకి పోస్టర్లు అంటించిన ఆయన్నో, సైకిల్ స్టాండులో టోకెన్లు ఇచ్చిన అవ్వనో పిలవండి. ఒకే బాణలిలో అయ్యే వంట ఎంచుకోండి. చిన్న ప్రశ్న అడగండి. తర్వాత నోరు మూసుకుని వినండి. ముందు వాళ్లకి వడ్డించి, తర్వాత మీరు తినండి.

మా వచ్చే ఆదివారం వంట అటుకుల ఉప్మా. అతిథి ఎవరంటారా? పాత హాల్లో టిక్కెట్ కౌంటర్లో కూర్చున్న క్లర్కు గారు! తొలి ఆట టిక్కెట్లు కౌంటరు తెరవకముందే బ్లాకులోకి ఎలా వెళ్లేవో మా వూళ్లో అందరికీ అనుమానమే. అడగాలా, వద్దా అని ఆలోచిస్తున్నాను. ఏమైనా సరే, తాలింపు అయ్యాకే అడుగుతాను లెండి!