మీకు తెలుసా? ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ రుచి కోసం కాదు

పేగు కణాల పొర కొవ్వు పదార్థంతో తయారైంది. ఉప్పులోని సోడియం గానీ, గ్లూకోజ్ గానీ దాన్ని నేరుగా దాటలేవు. పొరలో ఇమిడి ఉన్న ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్ వాటిని లోపలికి చేరవేస్తుంది. అదీ జంటగానే: రెండు సోడియం అయాన్లకు తోడుగా ఒక గ్లూకోజ్ అణువు. వాటి వెంటే నీరూ ఒంట్లోకి ఇంకుతుంది.

కలరా విషం ఒంట్లోని నీటిని పేగులోకి తోడేస్తుంది. సోడియం, గ్లూకోజ్ జంటగా వెళ్లే ఈ దారిని మాత్రం మూయలేదు. ఎంతటి అదృష్టం!

ఈ జంట ప్రయాణాన్ని 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా విజృంభించింది. సెలైన్ నిండుకోవడంతో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపిన నీటిని, అంటే ఓఆర్ఎస్‌నే, డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 20–30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి సూత్రం ప్రకారం ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. తీపి మరీ ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకే వచ్చి విరేచనాలు పెరుగుతాయి. అందుకే ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే పొడి కలపాలి.