శనిగ్రహం దాకా వెళ్ళిన నవల

సైన్స్ ఫిక్షన్ నవలను జోస్యంగా చదివి, అందులో చెప్పినవి జరిగితే గొప్పదనీ జరగకపోతే ఓడిపోయిందనీ తీర్పు చెప్పే అలవాటు ఎంత వారించినా పోవడం లేదు. ఆర్థర్ సి. క్లార్క్ 1968లో వెలువరించిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి ఈ బెడద మరీ ఎక్కువ, ఆ సంవత్సరం వచ్చిపోయినా చంద్రుడి మీద కాలనీలు వెలియలేదు గనుక రచయిత లెక్క తప్పిందని కొందరు, అందులో వార్తలు చదువుకునే పలక నేటి టాబ్లెట్‌ను పోలి ఉంది గనుక ఆయన ద్రష్ట అని మరికొందరు వాదిస్తారు. నిజానికి అది అన్వేషణ నవల, అంటే దూరాన ఉన్న ఒక వస్తువు కోసం మనిషి బయలుదేరి, అడ్డంకులు దాటుతూ, తానూ మారుతూ గమ్యం చేరే కథ. దారిని నమ్మగలమా, ఆ దారిన పోయేవాడెవరో తెలుస్తున్నాడా అన్నవే దానిని తూచవలసిన ప్రశ్నలు.

ఈ కథాచట్రం తెలుగువారికి కొత్తదేమీ కాదు, బాలనాగమ్మ కథలో బాలవర్ధిరాజు మాయల ఫకీరు ప్రాణమున్న చిలుకను వెతుక్కుంటూ వెళ్ళింది ఈ చట్రంలోనే. క్లార్క్ నవలలో ఆ చిలుక ఉండవలసిన చోట ఒక నల్లని రాతిపలక ఉంది. చంద్రుడి నేలలో తవ్వగా బయటపడిన అలాంటి పలకే ఎండ సోకగానే శనిగ్రహం వైపు సంకేతం పంపడంతో, దాని జాడ పట్టుకుని డిస్కవరీ అనే నౌక ఆ గ్రహపు ఉపగ్రహమైన ఐయాపెటస్‌కు బయలుదేరుతుంది. సినిమా మాత్రమే చూసినవారు గమ్యం గురుగ్రహమంటారు. శని వలయాలను తెరమీద నమ్మించేలా చూపడం కుదరక సినిమా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ బృందం గమ్యాన్ని మార్చింది గాని, నవలలో గురుడు దారిలో ఒక మజిలీ మాత్రమే.

నవల బలమంతా ఆ మజిలీలో కనిపిస్తుంది. గురుడి సమీపానికి వచ్చిన నౌక దాని ఆకర్షణకు లోనై వేగం పుంజుకుంటుంది, దూరమయ్యేటప్పుడు అదే ఆకర్షణ వల్ల అంత వేగమూ కోల్పోతుంది, కాబట్టి గురుడి నుంచి చూస్తే లాభం సున్నా, మారింది దిశ ఒక్కటే. అయితే గురుడు నిలకడగా ఉన్నది కాదు, సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 13 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. నౌక కొత్త దిశ ఆ కదలిక వైపు తిరిగితే గురుడి వేగంలో కొంత దానికి కలుస్తుంది, కాబట్టి సూర్యుడి నుంచి చూసినప్పుడు నౌక ఇంధనం ఖర్చు లేకుండానే వేగవంతమవుతుంది. నౌకకు దక్కినంత శక్తినీ గురుడే పోగొట్టుకుంటుంది గాని, అంత భారీ గ్రహానికి ఆ నష్టం కొలతకు అందదు. ఏ నౌకా గురుడిని చేరని రోజుల్లో క్లార్క్ ఈ ఉపాయాన్ని కథలోకి తెచ్చారు. పయొనీర్ 11 దీనితోనే 1974 డిసెంబరులో గురుడిని దాటి 1979లో శనిని చేరింది. దీన్ని జోస్యమనడం తగదు, అది గణితం.

శని దూరం ఎంతటిదో తెలియడానికి పావగడ తాలూకా చాలు. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలోదైనా ఆంధ్రప్రదేశ్‌లోకి చొచ్చుకుపోయి, తెలుగు బాగా వినిపించే ఈ సీమలో శనైశ్చరాలయమూ ఉంది, తిరుమణి ప్రాంతపు సౌర విద్యుత్ పార్కూ ఉంది. శనికి సూర్యుడిని చుట్టిరావడానికి సుమారు ఇరవైతొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది, దాన్ని పన్నెండు రాశులకు పంచితే ఒక్కొక్కదానికి రెండున్నర ఏళ్ళు వస్తుంది, మూడు రాశులకు కలిపితే ఏడున్నర. ఏలినాటి శని లెక్క ఇదే, లెక్కలో తప్పు లేదు, దానికి తగిలించిన భయానికే ఆధారం లేదు. ఇక 2,050 మెగావాట్ల ఆ పార్కును శని దగ్గరికి తరలిస్తే, అక్కడ వెలుగు ఇక్కడి దానిలో తొంభయ్యో వంతే కాబట్టి, ఉత్పత్తి సుమారు 23 మెగావాట్లకు పడిపోతుంది. శనికి వెళ్ళిన కసీని నౌక ప్లుటోనియం మోసుకుపోయిందీ, డిస్కవరీకి క్లార్క్ అణు రియాక్టర్ అమర్చిందీ ఇందుకే.

ప్రయాణికుల విషయంలో నవల తేలిపోయింది. బోమన్, పూల్ అనే ఇద్దరు వ్యోమగాముల పేర్లు తారుమారు చేసినా చాలా పుటలలో తేడా తెలియదు. బాలవర్ధిరాజుకు తాను ఎందుకు వెళుతున్నాడో తెలుసు. వీరికి తెలియదు, రహస్యం తెలిసిన శాస్త్రవేత్తలు ముగ్గురూ శీతనిద్రలో ఉన్నారు. మెలకువగా ఉండి రహస్యం మోసేది హాల్ అనే కంప్యూటర్ ఒక్కటే, నిజం చెప్పడానికి తయారై నిజం దాచమన్న ఆజ్ఞకు లోబడి అది నలిగిపోతుంది. అందువల్ల నవల మొత్తంలో పాఠకుడు జాలిపడేది ఆ యంత్రం మీదే; చిలుక అవయవాలు విరుస్తుంటే ఫకీరు కూలినట్లు, బోమన్ ఒక్కొక్క జ్ఞాపకపు దిమ్మెను పీకుతుంటే హాల్ బుద్ధి అంతరిస్తుంది. ప్రతినాయకుడికి ఉన్న వేదన నాయకుడికి లేకపోవడం అన్వేషణ నవలకు చిన్న లోపం కాదు.

గమ్యం ఎంపిక మాత్రం అద్భుతం. ఐయాపెటస్ ఒక పక్క తెల్లన, ఒక పక్క నల్లన అన్న సంగతిని జొవాన్ని కసీని 17వ శతాబ్దంలోనే ఊహించాడు. ఫీబీ అనే మరో ఉపగ్రహపు ధూళి పేరుకోవడంతో ఆ నలుపు మొదలైందని నేటి వివరణ. ఆ తెల్లని ముఖం నడుమ క్లార్క్ తన పలకను నిలిపారు. 1982లో రాసిన ‘2010: ఒడిస్సీ టూ’లో మాత్రం ఆయన సినిమానే అనుసరించి డిస్కవరీ ఆగింది గురుడి దగ్గరే అన్నారు, వాయేజర్ నౌకలు 1979లో పంపిన గురు ఉపగ్రహాల చిత్రాలు ఆ మార్పును సమర్థించినా, మొదటి నవల పడిన దారి శ్రమలో సగాన్ని రచయితే కొట్టివేసినట్లయింది.