డోర్నకల్ కాపరి

విజయవాడలో బిషప్ అజరయ్య పేరుతో ఓ బాలికల హైస్కూలుంది. రోజూ ఆ బోర్డు ముందు నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ అజరయ్య ఎవరో తెలీదు. కృష్ణా జిల్లా ఆయనో, గుంటూరాయనో అనుకుంటారు. కాదు, ఆయన తమిళుడు. పుట్టింది తిరునెల్వేలి దగ్గర వెళ్లాలన్‌విళై అనే పల్లెటూళ్లో. పనిచేసిందీ, కన్నుమూసిందీ మాత్రం డోర్నకల్‌లో.

వరంగల్ నుంచి విజయవాడ వెళ్లే రైల్లో మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం వైపు వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. బొగ్గు గనుల పుణ్యమా అని జంక్షన్ అయిన ఊరు. ఇక్కడ దిగినవాళ్లు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది... ఎపిఫనీ కెథెడ్రల్. మొదటిసారి చూసినవాళ్లు కాస్త తికమకపడతారు. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదులా ఉంటుంది. స్తంభాల దగ్గరికెళితే దేవాలయం గుర్తొస్తుంది. పైన శిలువ ఉంది కాబట్టి చర్చి! నిజాం రాజ్యంలో, తెలుగు పల్లెల మధ్య కట్టే చర్చి ఇంగ్లండులో ఉన్నట్టు ఎందుకుండాలి అనుకున్నాడు కట్టించినాయన. దాదాపు పాతికేళ్లు సాగిన ఆ పని 1939లో పూర్తయింది. ఆ ఏడాది జనవరి 6న, అంటే తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును చూడడానికి వచ్చిన పండుగ రోజున, ప్రతిష్ఠ జరిగింది.

ఆ కట్టించినాయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు.

పల్లె పాస్టరు కొడుకు

అజరయ్య 1874 ఆగస్టు 17న పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం ఊళ్లో పాస్టరు. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఎన్నో ప్రార్థనల తర్వాత పుట్టిన కొడుకు కాబట్టి శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. బైబిల్లో సమూయేలు కూడా అలాగే పుట్టాడు మరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ జబ్బు చేయడంతో ఆఖరి పరీక్ష రాయలేకపోయాడు. డిగ్రీ చేతికి రాలేదు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

చదువయ్యాక వైఎంసీఏలో చేరి ఊరూరా తిరిగాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నాడు. దక్షిణ భారతంలో కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ మహిళల్లో ఆమె ఒకరు. అన్బు అంటే తమిళంలో ప్రేమ.

1902లో సిలోన్ వెళ్లినప్పుడు అజరయ్యకు ఓ సంగతి గట్టిగా తగిలింది. జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషుల్నే వేరే చోట్లకు సేవకు పంపుతున్నారు. మరి తిరునెల్వేలిలో తరతరాలుగా క్రైస్తవులుగా ఉన్న తనవాళ్లు? దొరలు ఇస్తే తీసుకోవడమే తప్ప తాము ఇచ్చింది లేదు. వెనక్కొచ్చాక 1903లో తోటివాళ్లతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. మనుషులూ, డబ్బూ, నడిపించేదీ అంతా మనవాళ్లే. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటే డోర్నకల్ ప్రాంతం.

ఇతరుల్ని పంపి తాను ఊరుకుంటే ఎలా? 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, తానే డోర్నకల్ వచ్చేశాడు. అప్పటికి వయసు ముప్పై అయిదు. భాష రాదు. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. జాతీయ స్థాయిలో పేరున్న మనిషి, ఎక్కడో అడవి పక్కన రైల్వే జంక్షన్‌లో అక్షరాలు దిద్దుకోవడం చూసి స్నేహితులు ఏమనుకున్నారో గానీ, తర్వాత జరిగినదానికంతా పునాది అక్కడే పడింది.

స్నేహితులు కావాలి

1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్లలో దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఆసియా నుంచి వెళ్లినవాళ్లు గుప్పెడుమంది. అజరయ్య లేచి, మిషనరీలకూ స్థానికులకూ మధ్య సంబంధం ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పాడు. మీ త్యాగాలకు కృతజ్ఞతలు, కానీ మీరు మమ్మల్ని పైనుంచి చూస్తున్నారు, మాకు దాతలే కాదు, స్నేహితులు కావాలి అన్నది ఆయన మాటల సారం. పరలోకంలో సింహాసనాలు ఇస్తామంటారు గానీ ఇంట్లో కూర్చోడానికి కుర్చీ వేయరని కూడా ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. సభలో కొందరికి కోపం వచ్చింది. వినయం అంటే తలవంచుకుని ఊరుకోవడం అని మనలో చాలామంది అనుకుంటాం. ఈయన వినయం ఆ రకం కాదు.

రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. పట్టుబట్టి ఈ పని చేయించింది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. వ్యతిరేకత తక్కువేం కాదు. నల్ల బిషప్ కింద తెల్ల మిషనరీలు పనిచేయాలా అని ఇంగ్లిష్‌వాళ్లలో గొణుగుడు. ఆయన కులాన్ని ఎత్తిచూపి ఒప్పుకోని భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. అందుకే మొదట ఆయనకు చిన్న ప్రాంతమే అప్పగించారు. తర్వాత కృష్ణా, గుంటూరు వైపు ప్రాంతాలూ డోర్నకల్ డయాసిస్‌లోకి వచ్చాయి. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. 1945లో ఆయన చనిపోయేదాకా ఆంగ్లికన్ చర్చి మన దేశంలో మరో భారతీయుడి చేతికి ఒక డయాసిస్‌ను అప్పగించలేదు. ఒకడికి ఇచ్చాం కదా, చాలు అనుకున్నారో ఏమో!

నాలుగు దయ్యాలు

ఆయన సంఘంలో ఉన్నది ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు. పొద్దున వెళితే పొద్దుగూకాక గానీ ఇల్లు చేరనివాళ్లు. వాళ్లకు ఆదివారం పదింటికి ఆరాధన అంటే కుదిరే పనేనా? అందుకని బిషప్ వాళ్ల వేళకు వెళ్లేవాడు. ఎద్దుల బండి మీద, సైకిల్ మీద ఊళ్లు తిరిగేవాడు. చీకటి పడ్డాక దీపం చుట్టూ చేరిన జనంతో ప్రార్థన, పాట, ఆ తర్వాత మాటామంతీ.

ఆ మాటామంతీలో తరచూ వచ్చేది నాలుగు దయ్యాల సంగతి. మురికి, రోగం, అప్పు, తాగుడు. డోర్నకల్‌ను పట్టి పీడించే దయ్యాలు ఇవేనని ఆయన చెప్పేవాడు. మోక్షం సంగతి మాట్లాడే బిషప్ అప్పు సంగతి ఎందుకు అడగాలని ఎవరికైనా అనిపించవచ్చు. అప్పులో పుట్టి, అప్పులో పెరిగి, దొరగారింట్లో వెట్టి చేసి, ఆ అప్పును కొడుక్కి వదిలి పోయే మనిషికి ఇంతకంటే దగ్గరి సంగతి ఇంకేముంటుంది?

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన ఓ పద్ధతి పెట్టాడు. కొత్తగా చేరినవాళ్లు తమ చేయి తలమీద పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న అపొస్తలుడైన పౌలు మాటను పలకాలి. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనిషి, ఇవాళ నలుగురికి చెప్పే బాధ్యత నెత్తిన పెట్టుకోవడం! నాయకత్వం అంటే తాను పైకెక్కడం కాదు, అవతలివాణ్ని లేపి నిలబెట్టడం అని ఆయన ఎక్కడా ఉపన్యాసం ఇవ్వక్కర్లేకపోయింది.

డబ్బు విషయంలో మాత్రం గట్టివాడు. కటిక పేదలైనా సరే, తమ పాస్టరును తామే పోషించుకోవాలన్నాడు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఓ పుస్తకమే రాశాడు. డబ్బు లేకపోతే గుప్పెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడే ఇల్లాలు ఓ గుప్పెడు తీసి పక్కన పెడుతుంది, ఆదివారం చర్చికి తెస్తుంది. ఇప్పటికీ పల్లెల్లో ఈ అలవాటు చూడొచ్చు. కోత పండుగ నాడైతే చెప్పక్కర్లేదు. గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, ధాన్యం అన్నీ బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట. తానిచ్చిన సొరకాయనే పంతానికి పోయి పదింతలకు పాడుకునే పెద్దమనుషులు కూడా ఉంటారు. లేనివాళ్ల దగ్గర కూడా కానుక అడగడం కఠినం కాదా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తీసుకునే చేయి ఎప్పుడూ కిందే ఉంటుంది, ఇచ్చినప్పుడే తల ఎత్తగలుగుతారు అన్నది అజరయ్య నమ్మకం. కాకపోతే అలా అడిగే హక్కు, వాళ్ల పల్లెలు తిరిగి, వాళ్ల చాపమీద కూర్చున్నవాడికే ఉంటుంది. కోట్ల సెట్టింగుల మధ్య మైకు పట్టుకుని అడిగేవాళ్లకు ఆ హక్కు ఉందా అంటే... ఎవరికి వారు చెప్పుకోవలసిందే.

అన్బు మరియమ్మాళ్ సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. ఉపదేశులు, పాస్టర్లు తర్ఫీదుకు వస్తే వాళ్ల భార్యల చదువు ఆమె చూసేది. పల్లెలో పాస్టరమ్మకు ఉండే పని అంతా ఇంతా కాదు. కాన్పు కష్టమైనా, కోడలు అలిగి పుట్టింటికి పోయినా, ఆడవాళ్లు ముందు తలుపు తట్టేది ఆమెనే. పాస్టరు గారి పనీ అంతే. నాలుగైదు ఊళ్లు, ఓ పాత బండి, చావు కబురు వస్తే అన్నం ముందు నుంచి లేవడం. ఇవేవీ టీవీలో రావు.

అంబేడ్కర్ అడిగిన రెండు ప్రశ్నలు

1935లో అంబేడ్కర్ హిందూ మతాన్ని వదిలేస్తానని ప్రకటించారు. ఆ తర్వాత అజరయ్య ఆయన్ని కలిశాడు. ఆ సందర్భం గురించి అజరయ్య జీవిత చరిత్రకారులు రాసింది చదివితే మనసు చివుక్కుమంటుంది. మేం క్రైస్తవులమైతే ఎక్కడున్నా అందరం ఒకే చర్చిగా ఉండగలమా? కులం గొడవ పూర్తిగా లేకుండా బతకగలమా? ఇవీ అంబేడ్కర్ అడిగిన రెండు ప్రశ్నలు.

లక్షలమంది తెలుగువాళ్లకు కాపరి. ఔను, రండి అని ఒక్క మాట అంటే ఏం పోయేది? అనలేదు. రెండింటికీ ఔనని చెప్పలేకపోయాననీ, జీవితంలో ఎన్నడూ అంత సిగ్గుపడలేదనీ తర్వాత తానే చెప్పుకున్నాడు.

ఎందుకు చెప్పలేకపోయాడో మనవాళ్లకు వివరించక్కర్లేదు. ఏ దొర ఏ ఊరికొస్తే ఆ ఊరు ఆ చర్చి. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టులు. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్లు. బందరులో ఆంగ్లికన్లు. వియ్యమందుకునేటప్పుడు కూడా మీదే మిషన్ అని అడిగే రోజులవి. రెండో ప్రశ్న ఇంకా కష్టం. పాలెంలో ఓ చర్చి, పల్లెలో ఓ చర్చి. ఒకే గిన్నెలోంచి ప్రభు భోజనం తీసుకోవడానికి వెనకాడిన సంఘాలున్నాయి. ఆయన జీవితాంతం దీనితోనే పోరాడాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామన్నప్పుడు కూడా వద్దన్నాడు. దేశంలో మళ్లీ మాదొక వేరు కుంపటా అని ఆయన బాధ.

మొదటి ప్రశ్న మీద ఆయన పని ఎప్పుడో మొదలైంది. 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు సంఘ నాయకుల్ని కూడగట్టాడు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. మమ్మల్ని విడదీసిన తగాదాలు మావి కావు, ఐరోపా నుంచి దిగుమతి అయినవి, కలిసిపోదాం అని వాళ్లు ప్రకటించారు. ఆ తర్వాత చర్చలు, కమిటీలు, ఉత్తరాలు, అలకలు... ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. చివరికి 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. మనం సీఎస్ఐ అంటున్నది దాన్నే. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు.

అజరయ్య అది చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో చనిపోయాడు.

డోర్నకల్ ఇప్పుడు సీఎస్ఐ డయాసిస్. ఆదివారం కెథెడ్రల్‌లో తెలుగు కీర్తనలు వినిపిస్తాయి. అంబేడ్కర్ మొదటి ప్రశ్నకు అలా సగం జవాబు దొరికింది. రెండో ప్రశ్నకు జవాబు వెతకాలంటే మాత్రం కెథెడ్రల్ నుంచి బయటికొచ్చి ఏ పల్లెకో బస్సెక్కాలి. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. రెండింటిలోనూ చదివేది ఒకే బైబిలు.