పోచంపల్లి పట్టుకు వేలాడొచ్చా?

మనిషిని మోసేంత బలం పట్టుకు ఉందా అంటే, ఉంది. స్పైడర్‌మాన్ సినిమా చూసొచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నల్లో తేలికైంది ఇదే. చిక్కల్లా దారంతో కాదు, మణికట్టుకు కట్టుకునే ఆ పరికరంతోనే.

1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన కామిక్‌లో సాలెదారం పీటర్ పార్కర్ ఒంట్లోంచి రాదు. బడికెళ్లే ఆ కుర్రాడు తానే కలుపుకున్న ద్రవాన్ని, తానే బిగించుకున్న పరికరం చిమ్ముతుంది. 2002 నాటి సినిమా ఈ తలనొప్పి వదిలించుకుని దారాన్ని నేరుగా చేతిలోంచే రప్పించింది. లెక్కలు వేయడానికి మనకు పనికొచ్చేది కామిక్‌లోని పరికరమే.

సాలెపట్టు కావలసినంత దొరకదు. సాలీళ్లను ఒకచోట చేర్చి పెంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. కాబట్టి పోచంపల్లి మగ్గమెక్కే మల్బరీ పట్టునే తీసుకుందాం. తెగకుండా నిలవడంలో అది మేలురకం సాలెపట్టులో దాదాపు సగం: చదరపు మిల్లీమీటరుకు సుమారు 50 కిలోల బరువు ఆపుతుంది. 60 కిలోల మనిషి తాడును అడ్డంగా బిగబట్టి అక్కణ్నుంచి ఊగితే, అడుగుకు వచ్చేసరికి తాడు మీద అతని బరువుకు మూడింతలు, అంటే 180 కిలోల లాగుడు పడుతుంది. అంతటి లాగుడుకూ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న పట్టుతాడు సరిపోతుంది. భయమనుకుంటే నాలుగు మిల్లీమీటర్లు వేసుకోవచ్చు.

బలం ఒక్కటే కాదు, సాగడం కూడా పట్టు గొప్పతనమే. తెగేలోపు అది తన పొడవులో ఆరోవంతుకు పైగా సాగుతుంది; ఉక్కుతీగ ఒక శాతం కూడా సాగదు. అందుకే కుదుపులోని శక్తిని మింగడంలో మల్బరీ పట్టు, తూటాలను ఆపే కోట్లలో వాడే కెవ్లార్‌ను కూడా మించుతుంది. పడుతున్నవాణ్ని చప్పున ఆపాల్సిన తాడుకు కావలసింది సరిగ్గా ఈ గుణమే.

ఇక పరికరం సంగతి. ఆ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తాడు 30 మీటర్ల పొడవుకు 140 గ్రాములు తూగుతుంది. పట్టుపురుగు గ్రంథిలోని ద్రవంలో ప్రొటీన్ నాలుగోవంతు చిల్లర, మిగతాదంతా నీరే. అంటే ఒక్క ఊపుకు దాదాపు అరలీటరు ద్రవం ఖర్చు. నాలుగు ఊపులకు ఓ పట్టుచీర బరువు పోతుంది. మణికట్టు మీద దాచడానికి చోటేదీ?

అంతకంటే పెద్ద తంటా ఇంకోటుంది. పట్టుపురుగు దారాన్ని చిమ్మదు. కొసను ఎక్కడో అంటించి, తలను ఎనిమిది అంకెలా ఆడిస్తూ లాగుతుంది. ఆ లాగుడుకే ప్రొటీన్ అణువులు వరసకొచ్చి, నీళ్లు వదిలి గట్టిపడతాయి. సాలీడూ అంతే, దారం కొస అంటించి కిందికి జారుతుంది, లేదంటే వెనకకాళ్లతో లాక్కుంటుంది. మురుకుల గొట్టంలో పిండి నొక్కినట్టు నొక్కితే వచ్చేది బలంలేని మెత్తటి పోగు. పైగా మెత్తటి పోగును గాల్లో ముప్పై మీటర్లు తోయడం జరిగే పని కాదు.

నేతగాడి దగ్గర దీనికి జవాబు ఎప్పట్నుంచో ఉంది. నాడె పొట్టలో కండె ఉంటుంది. నాడె పడుగు మధ్యకు దూసుకుపోతుంటే పేక పోగు దాని వెనకే విప్పుకుంటూ వస్తుంది. విసిరేది బరువును, దారం దాని వెంట నడుస్తుంది. ఓడల మీంచి తాళ్లు విసిరే తుపాకులదీ ఇదే సూత్రం. హీరోకు నేను సలహా ఇవ్వాల్సివస్తే, పిచికారీ పారేసి నాడె పట్టుకోమంటాను.

పిచికారీని నిజంగానే చేసి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుగూళ్లను ఉడికించి తీసిన ప్రొటీన్‌లో డోపమైన్ కలిపి, సూదిలోంచి చిమ్మారు. చుట్టూ ఎసిటోన్ తగలగానే అది పోగై గట్టిపడింది. 2024లో ప్రచురించిన ఈ ప్రయోగంలో ఆ పోగు సుమారు 12 సెంటీమీటర్ల దూరంలోని వస్తువులకు అతుక్కుని, తన బరువుకు 80 రెట్ల దాకా ఎత్తింది. మేడ మీంచి మేడ మీదికి కాదు, బల్ల మీంచి పైకి! సాలెపట్టుతో పోలిస్తే ఇంకా వెయ్యింతలు బలహీనం.

తాడు తెగకపోయినా భుజం ఊరుకోదు. ఒంటిచేత్తో 180 కిలోల లాగుడు ఆపబోతే కీలు జారిపోవచ్చు. దారం భుజాన్ని ఎలా తినేస్తుందో పోచంపల్లి చుట్టుపక్కల ఆడవాళ్లను అడగాలి. రంగులద్దడానికి ముందు ఆసు పోయాలి: అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల చుట్టూ పట్టు పోగును అటూ ఇటూ చుట్టాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఇక్కడ లాగుడు తక్కువే, మళ్లీ మళ్లీ చేయడమే చంపుతుంది.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి, ఆరో తరగతితో చదువాపేసిన చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రం తయారీలో పడ్డారు. పీటర్ పార్కర్ కనీసం హైస్కూల్లో సైన్సు చదువుకున్నాడు. 1992లో మొదలుపెడితే 1999కి గానీ ఆ యంత్రం పూర్తి కాలేదు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. నాలుగైదు గంటలు పట్టే ఆసు ఇప్పుడు గంటన్నరలో అయిపోతోంది, అదీ భుజం ఎత్తకుండా.