రోజుకొక చిన్న హద్దు: జైన గృహస్థుల అణువ్రత సాధన

అహింస, సత్యం, అస్తేయం (ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం) అనే ఐదు నియమాలను జైన ధర్మం మునులకూ గృహస్థులకూ సమానంగానే బోధించినా, ఆచరణలో ఇద్దరికీ వేర్వేరు కొలతలు నిర్ణయించింది. మినహాయింపు లేకుండా మునులు పాటించేవి మహావ్రతాలు కాగా, సంసార బాధ్యతలున్నవారు తమ శక్తి మేరకు పరిమితి పెట్టుకొని పాటించేవి అణువ్రతాలు, అంటే చిన్న వ్రతాలు. సామాన్యుడి అశక్తతను తప్పుపట్టకుండా, అతడు నిలబెట్టుకోగలిగిన చోటినుంచే సాధన మొదలుపెట్టించడం ఈ విభజనలోని విజ్ఞత.

ఈ వ్రతాలను దైనందిన జీవితంలోకి తెచ్చే పద్ధతిని ప్రత్యాఖ్యానం అంటారు. నిర్ణీత కాలం పాటు ఫలానాదాన్ని విడిచిపెడతానని ముందుగా సంకల్పించుకోవడమే అది. వీటిలో చాలా సులభమైన నవకారసీలో, సూర్యోదయం తరువాత 48 నిమిషాల వరకు, అంటే రెండు ఘడియల సేపు, అన్నపానీయాలు ముట్టరు. మరికొందరు శ్రావకులు, అంటే జైన గృహస్థులు, పద్నాలుగు నియమాల పద్ధతిని అనుసరించి, ఆ రోజు ఎన్ని రకాల పదార్థాలు తినాలో, ఎన్ని జతల చెప్పులు వాడాలో, ఏ వాహనం ఎక్కాలో, ఏ దిక్కున ఎంత దూరం వెళ్లాలో ఉదయమే నిశ్చయించుకుంటారు. సాయంత్రం జరిగే ప్రతిక్రమణంలో ఆనాటి ప్రవర్తనను సమీక్షించుకొని, కాలి కింద నలిగిన చిన్న ప్రాణి మొదలుకొని మాటతో నొప్పించిన మనిషి వరకు అందరినీ క్షమాపణ కోరుకుంటారు. మంచిగా ఉండాలనే సాధారణ కోరిక నెరవేరిందో లేదో రాత్రికి తేల్చి చెప్పడం కష్టం కాని, లెక్కకు అందే నియమం తప్పిందో నిలిచిందో ఎవరికి వారికే తెలుస్తుంది. సవరించుకునే అవకాశం మరునాడే దొరుకుతుంది.

అయితే ఉపవాసాలు నిష్ఠగా చేస్తూనే తూకంలో మోసం చేసేవారికి వ్రతం వల్ల ఒరిగేదేముంటుంది? శ్వేతాంబర తేరాపంథ్ శాఖకు 9వ ఆచార్యుడైన ఆచార్య తులసి (1914–1997) ఈ వైరుధ్యాన్నే ప్రశ్నించి, 1949లో రాజస్థాన్‌లోని సర్దార్‌శహర్‌లో అణువ్రత ఉద్యమాన్ని ప్రారంభించారు. కులమత భేదం లేకుండా ఎవరైనా స్వీకరించగలిగేలా రూపొందించిన ఆ నియమావళిలో నిరపరాధులైన ప్రాణులను చంపకపోవడం, అంటరానితనం పాటించకపోవడం, వ్యాపారంలో నిజాయతీ, ఎన్నికల్లో అక్రమాలకు దూరంగా ఉండడం, మత్తు పదార్థాలను విసర్జించడం వంటివి ఉన్నాయి. విద్యార్థులకు, వ్యాపారులకు, ఉద్యోగులకు వేర్వేరు నియమాలను కూడా చేర్చడం వల్ల, పూజా మందిరానికి పరిమితమైన ధర్మం అంగడికీ కార్యాలయానికీ చేరింది.

ఈ సంప్రదాయంలో నిగ్రహానికీ దయకూ విడదీయరాని సంబంధం ఉంది. మనిషి తన అవసరాలకు హద్దు గీసుకున్న మేరకు, అతడి వల్ల ఇతర ప్రాణులకు కలిగే హాని తగ్గుతుంది. కనుక ఏ మతస్థుడైనా, పనివారిపై కోపంతో గొంతు పెంచకూడదనో, కంచంలో అన్నం మిగల్చకూడదనో ఒక్క రోజుకు సంకల్పించి, రాత్రి నిజాయతీగా సరిచూసుకొని, తప్పినచోట క్షమాపణ చెప్పి మరునాడు మళ్లీ పూనుకుంటే, ఆత్మసంస్కారానికి అంతకు మించిన ఆరంభం అవసరం లేదు.