బాలింతల సంరక్షణము

వట్లూరు ఏలూరు పట్టణమునకు చేరువనున్న గ్రామము. ఊరికి రైలుస్టేషను గలదు. పట్టణపు ఆసుపత్రి దూరము గాదు. నొప్పులు తోచినంతనే మంత్రసానికి కబురంపు దినములు ఇట్టి గ్రామములలో గతించినవి. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే, మూడు నాలుగు దినములకు తల్లీబిడ్డలు ఇల్లు చేరిన పిమ్మట వారిని కనిపెట్టువా రెవరు? ఈ ప్రశ్నను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

కాన్పుతోనే గండము గడచెననుకొనుట పొరపాటు. అధిక రక్తస్రావము తొలి దినముననే ప్రాణము తీయగలదు. పిమ్మట సూతికాజ్వరమో, రక్తపుపోటు హెచ్చి మూర్ఛలో రావచ్చును. పదునొకండవనాటి స్నానముతో పురుడు వెడలెనని మన మనుకొందుము. కాని గర్భాశయము పూర్వస్థితికి వచ్చుటకు ఆరు వారములు పట్టును. అందుచేతనే 2011లో ఏర్పడిన పద్ధతి ననుసరించి, ఆసుపత్రిలో కాన్పైన తల్లి యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములలో రావలసియున్నది. ఆమె వచ్చినపుడు వాకిటనుండి పంపివేయక, తల్లిని, బిడ్డను చూపించుట ఇంటి పెద్దల విధి. రానిచో ఉపకేంద్రమునకు కబురంపి పిలిపింపవలెను.

మన ఆచారము లన్నియు చెడ్డవని మేము చెప్పము. విశ్రాంతి, నలుగు, వేడినీళ్ల స్నానము, తోడుగా నొక పెద్దముత్తైదువ యుండుట, ఇవి మేలే. అయితే నీరు త్రాగిన పొట్ట పెరుగునని బాలింతను దాహముతో నుంచుట అన్యాయము. పాలిచ్చు తల్లికి నీరును, కూరలును, పప్పును అధికముగా కావలెను. ముర్రుపాలు పిండి పారబోయుట, తలుపులు మూసి నిప్పుల పొగ పట్టుట బిడ్డకు హాని. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, చేతులను శుద్ధి చేసికొన్నంతనే సూతికాజ్వర మరణములు మిక్కిలి తగ్గునని చూపెను. బిడ్డను ముట్టువారెల్లరు సబ్బుతో చేతులు కడుగుకొనుటకు ధనము అక్కరలేదు.

జ్వరము, దుర్వాసనగల స్రావము, గుడ్డలు తడిసిపోవు రక్తము, విడువని తలనొప్పి, కండ్లు మసకబారుట, బిడ్డ పాలు త్రాగకుండుట, వీనిలో నేది కనిపించినను 108 బండిని పిలువవలెను. తల్లి దినముల తరబడి కంటనీరు పెట్టుచు బిడ్డను చేరదీయనిచో దానిని గాలిచేష్ట యనక వైద్యునికి చూపవలెను.

ఇక భూస్వాములకు ఒక మాట. 2017లో చట్టము సవరింపబడి, సంస్థలలో పనిచేయు స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారముల వేతనపు సెలవు లభించినది. మన చేలలో ఊడ్పులకు వచ్చు కూలి స్త్రీకి అట్టి సెలవు లేదు. కూలి లేనిచో కూడు లేదు గనుక పచ్చిబాలింత బురదలో దిగుచున్నది. ఆరు వారములు ఆమె యింటికి బియ్యము, పప్పు పంపుట కలిగిన రైతునకు భారము గాదు. దాని నొక దయగా గాక, ఋణముగా నెంచవలెను. కొల్లేటి లంకలలో ఆసుపత్రికి చేరుటయే ప్రయాస. అచట ఈ తోడ్పాటు మరింత యవసరము.

పుట్టిన బిడ్డకు ఉయ్యాల యెంత వేడుకతో కట్టుదుమో, కన్న తల్లిని అంత శ్రద్ధతో నలువదిరెండు దినములు కాపాడుదుము గాక.